గొడుగు ఊచలతో తారాజువ్వ: ఎల్‌ఈడీ సామాన్ల మీద నా రివ్యూ

దీపావళికని మొదలుపెట్టిన పని క్రిస్మస్ ముందురోజు పూర్తయింది. ఆ రెండు నెలలూ మా వరండా నిండా వైరు ముక్కలు, సోల్డరింగ్ వాసన, మా ఆవిడ విసుగు. కాబట్టి ఎవరైనా రెండు ఆదివారాల్లో అయిపోతుందండీ అంటే నమ్మకండి. ఇది ఒక్క వస్తువు మీద రివ్యూ కూడా కాదు. ఇంటి ముందు తారాజువ్వలా కింది నుంచి లేచి పైన పువ్వులా విచ్చుకునే లైటు సొంతంగా చేసుకోవాలంటే ఏ సామాను కొనాలి, ఏది కొంటే దండగ, నేను కొన్న షాపు ఎలాంటిది, ఏ బల్బు ఎప్పుడు ఏ రంగులో వెలగాలో చెప్పే డబ్ల్యూఎల్‌ఈడీ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్ నిజంగా అంత గొప్పదా, ఇవన్నీ కలిపి రాస్తున్నా. మాది విజయవాడ అజిత్ సింగ్ నగర్. ఆ సంగతి ఎందుకు చెప్పానో కింద తెలుస్తుంది.

అసలు ఈ పిచ్చి ఎందుకు పట్టిందంటే, మా నాన్నకి ఆయాసం. నాలుగేళ్లుగా దీపావళి రాత్రి ఆయన తలుపులు, కిటికీలు బిగించుకుని ఇన్‌హేలర్ పక్కన పెట్టుకుని లోపలే కూర్చుంటున్నారు. ఇదే మనిషి ఒకప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో మట్టి బుడ్లు తెచ్చి, బొగ్గు నూరి, ఇనుప రజను జల్లెడ పట్టి, చిచ్చుబుడ్లు స్వయంగా కూరినవాడు. ఎవరి బుడ్డి ఎంత ఎత్తు లేచిందన్నది వారం రోజులు మాట్లాడుకునేవాళ్లట. 2018లో సుప్రీంకోర్టు దీపావళికి రాత్రి 8 నుంచి 10 దాకా, క్రిస్మస్‌కీ కొత్త సంవత్సరానికీ రాత్రి 11:55 నుంచి 12:30 దాకా మాత్రమే కాల్చాలని టైము పెట్టింది గానీ మా వీధిలో ఆ గడియారం ఎవరింట్లోనూ లేదు. సరే, బయట పొగ ఆపలేం, కనీసం ఆయన కిటికీలోంచి చూడ్డానికి ఏదైనా పెడదాం అనుకున్నా.

మొదట అందరూ కొనేదే నేనూ కొన్నా. ఆన్‌లైన్‌లో దొరికే రెడీమేడ్ ఫైర్‌వర్క్ లైటు, సన్నటి రాగి తీగల గుత్తి, తీగ పొడవునా బియ్యపు గింజంత ఎల్‌ఈడీలు, ఒక రిమోటు, ఎనిమిది మోడ్‌లు. పెట్టె మీద బొమ్మ చూస్తే కళ్లు తిరుగుతాయి. పెట్టె విప్పి తీగలన్నీ వేళ్లతో విడదీసి గుండ్రంగా సర్దడానికి ముప్పావుగంట పట్టింది, వేలాడదీశాక బానే ఉంది, తిట్టను. కానీ అది తారాజువ్వ కాదు. అన్నీ ఒకేసారి వెలుగుతాయి, ఒకేసారి ఆరతాయి, లేదా మినుకుమినుకుమంటాయి, అంతే. మధ్యలోంచి బయటికి విచ్చుకోవడం అనేది దాని చేత కాదు, ఎందుకంటే తీగ మీద ఉన్న ఎల్‌ఈడీలు దేనికది విడిగా మాట వినవు. మా పాప రెండు నిమిషాలు చూసి "నాన్నా, ఇది పేలదా?" అని లోపలికి వెళ్లిపోయింది. బాల్కనీలో ఊరికే అందంగా ఏదో ఒకటి వేలాడితే చాలు అనుకునేవాళ్లకి మాత్రం అదే కొనమంటాను, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు కూడా.

పేలాలంటే ప్రతి ఎల్‌ఈడీకీ సొంత బుర్ర ఉండాలి. అలాంటివాటిలో అందరూ వాడేది డబ్ల్యూఎస్2812బి అనే స్ట్రిప్, 5 వోల్టుల మీద నడుస్తుంది, ప్రతి బల్బులోనూ చిన్న చిప్పు ఉంటుంది. ముందు బల్బు తన రంగు తను తీసుకుని మిగతా సమాచారం తర్వాతి బల్బుకి అందిస్తుంది, పెళ్లి భోజనాల్లో విస్తళ్ల కట్ట పంక్తి పొడవునా చేతులు మారినట్టు. మీటరుకి 30 ఉండేవి, 60 ఉండేవి, 144 ఉండేవి దొరుకుతాయి. నేను ఏలూరు రోడ్డులో ఒక ఎలక్ట్రానిక్స్ షాపుకి వెళ్లి 60ది ఒక రోలు, 30ది ఒక రోలు తీసుకున్నా. షాపు పేరు రాయను, ఎందుకంటే పొగడ్డానికి పెద్దగా ఏం లేదు. ఐపీ67 (నీళ్లకి ఎంత ఆగుతుందో చెప్పే నంబరు) అని చెప్పి ఇచ్చినవి ఇంటికొచ్చి చూస్తే ఐపీ65, అంటే పైన పల్చగా సిలికాన్ పూత మాత్రమే ఉన్నవి, ట్యూబులో ఉన్నవి కాదు. 60 రోలులో 41వ బల్బు చచ్చి ఉంది. పైన చెప్పిన పంక్తిలో ఒకాయన చెయ్యి చాపకపోతే ఆ తర్వాత కూర్చున్నవాళ్లెవరికీ విస్తరాకు లేనట్టే, 41 నుంచి చివరిదాకా అన్నీ చీకటి. తీసుకెళ్లి చూపిస్తే కౌంటర్లో కుర్రాడు తల ఎత్తకుండా "అది కట్ చేసి జాయింట్ వేసుకోండి సార్, అందరూ అంతే" అన్నాడు. నిజానికి చెయ్యాల్సింది అదే, అదేం పెద్ద పని కూడా కాదు, కానీ 1,150 రూపాయలు పెట్టి కొన్న రోలుకి ఆ మాట వినాలంటే ఒళ్లు మండింది. కొనేముందు షాపులోనే వెలిగించి చూపించమనండి, కాదంటే పక్క షాపుకి వెళ్లండి. కాస్త డబ్బున్నవాళ్లు 12 వోల్టుల డబ్ల్యూఎస్2815 అడగండి, అందులో సమాచారానికి రెండో తీగ ఉంటుంది కాబట్టి ఒక బల్బు పోయినా తర్వాతవి వెలుగుతూనే ఉంటాయి.

పైన పువ్వు భాగానికి చట్రం కావాలి. పీవీసీ పైపులతో చేశా, బరువైపోయి వంగిపోయింది. అల్యూమినియం కర్టెన్ రాడ్లు చూశా, ఖరీదు. చివరికి అటక మీద సామాను సర్దుతుంటే నాన్నగారి పాత నల్ల గొడుగు దొరికింది, గుడ్డ చిల్లులు పడిపోయింది, ఊచలు మాత్రం ఇనుములా ఉన్నాయి. లెక్కపెడితే ఎనిమిది. ఒక్కోటి 60 సెంటీమీటర్ల పైచిలుకు. 60 సెంటీమీటర్లకి మీటరుకి 60 చొప్పున 36 బల్బులు, ఎనిమిది ఊచలకి 288, నా రోలులో ఉన్నవి 300. ఆ లెక్క కుదిరినప్పుడు నాకు కలిగిన ఆనందం ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. మిగిలిన 12లోంచి ఒక ముక్క తీసి ఆ చచ్చిన 41వదాని స్థానంలో అతికించా. గుడ్డ పీకేశాక ఇంకో సంగతి తెలిసింది, గొడుగు ఆకారం నిలబెట్టేది గుడ్డే, అది పోతే ఊచలు ఇష్టమొచ్చినట్టు తిరగబడతాయి. ఎనిమిది కొసలనీ చుట్టూ నైలాన్ దారంతో ఒకదానికొకటి బిగించి కట్టా. దూరం నుంచి దారం కనపడదు. ఊచలు కొంచెం కిందికి వంగి ఉంటాయి కదా, వెలిగితే అచ్చం ఆకాశంలో పేలి కిందికి రాలుతున్న జువ్వలాగే ఉంటుంది, పైపులతో ఎంత తంటాలు పడినా ఆ వంపు రాలేదు. ఒక్క జాగ్రత్త: ఊచలు ఇనుము, స్ట్రిప్ కత్తిరించిన చోట రాగి బయటికి ఉంటుంది. మొదటి ఊచకి కట్టగానే చిటుక్కుమని నిప్పురవ్వ వచ్చింది. కత్తిరించిన ప్రతి కొసకీ స్లీవ్ ఎక్కించి వేడి చేసి మూశాకే మిగతావి కట్టా.

ఇప్పుడు ఈ మొత్తంలో నాకు బాగా నచ్చిన వస్తువు, 40 రూపాయల చిప్పు. 74హెచ్‌సీటీ245. ఎనిమిది దారులున్న బఫర్, అంటే ఒక పక్క లోపలికి వచ్చిన సిగ్నల్‌ని ఇంకో పక్క అలాగే బయటికి పంపేది. మామూలుగా అయితే ఎనిమిది ఊచల స్ట్రిప్‌లనీ ఒకదాని కొస నుంచి మరోదాని మొదటికి వైరు లాగి ఒకే పొడుగాటి వరసగా కలపాలి, అప్పుడు మధ్యలోంచి బయటికి ఒకేసారి విచ్చుకునేలా చేయాలంటే సాఫ్ట్‌వేర్‌లో ఏ బల్బు ఎక్కడుందో మ్యాపు రాసుకోవాలి. అంత ఓపిక నాకు లేదు. నేనేం చేశానంటే, గొడుగుని పైన నిలబెట్టే పైపు ఉంది కదా, కర్ర అంటున్నది దాన్నే, ఆ కర్ర పొడవునా రెండున్నర మీటర్లు 30 స్ట్రిప్ కింది నుంచి పైకి అతికించా, 75 బల్బులు. ఆ 75వ బల్బు నుంచి బయటికొచ్చే డేటా తీగని చిప్పు ఎనిమిది ఇన్‌పుట్లకీ కలిపేశా, ఎనిమిది అవుట్‌పుట్లు ఎనిమిది ఊచలకి. అందరికీ ఒకటే సమాచారం అందుతుంది, ఎనిమిది ఊచలూ ఒకేలా ప్రవర్తిస్తాయి. కంట్రోలర్ (బల్బులకి ఆదేశాలిచ్చే చిన్న బోర్డు) దృష్టిలో ఇది 75 ప్లస్ 36, మొత్తం 111 బల్బుల ఒకే గీత. ఆ గీత మీద ఒక వెలుగు చుక్కని కింది నుంచి పరిగెత్తిస్తే చాలు, కర్ర ఎక్కుతుంది, పైకి చేరగానే ఎనిమిది వైపులా తనంతట తనే విచ్చుకుంటుంది. డైరెక్షన్ కాలుకి 5 వోల్టులు, ఎనేబుల్ కాలుకి గ్రౌండ్ ఇవ్వడం మర్చిపోకండి, లేకపోతే చిప్పు గమ్మున కూర్చుంటుంది.

అంత తెలివిగా చేశానని మురిసిపోయిన రాత్రే నా పరువు పోయింది. గుంటూరు నుంచి మా బావ వచ్చి ఉన్నాడు, ఎలక్ట్రికల్ పనులు చేస్తాడు, బ్రాడీపేటలో అపార్ట్‌మెంట్ల వైరింగ్ కాంట్రాక్టులు. అందరినీ బయటికి పిలిచి, నాన్నగారికి కుర్చీ వేసి, తెలుపు రంగు, ఫుల్ బ్రైట్‌నెస్ పెట్టి స్విచ్ వేశా. ఒక్క క్షణం పట్టపగలులా వెలిగి టిక్కుమని ఆరిపోయింది. మళ్లీ వెలిగింది, మళ్లీ టిక్కు. సెకనుకోసారి అదే వరస. "ఏం బావా, ఇది తారాజువ్వా, ఆటో ఇండికేటరా?" అన్నాడు. మా పాప ఇప్పటికీ దాన్ని ఇండికేటర్ అనే పిలుస్తుంది.

లెక్క ఏమిటంటే, ఈ బల్బుకి ఒక్కో రంగుకీ 20 చొప్పున, మూడు రంగులూ పూర్తిగా వెలిగి తెలుపు అయితే 60 మిల్లీఆంప్స్ దాకా లాగుతుంది. డబ్ల్యూఎల్‌ఈడీ సాఫ్ట్‌వేర్ ఒక్కోదానికి 55 వేసుకుంటుంది. నా దగ్గర నిజంగా ఉన్నవి 75 ప్లస్ 288, 363 బల్బులు, అంటే దాదాపు 20 ఆంప్స్. షాపులో "చాలు సార్, ఎక్కువే" అని ఇచ్చిన ఎస్‌ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 5 వోల్టులకి మార్చే పవర్ సప్లై) 10 ఆంప్స్‌ది. ఇక్కడ షాపుని పూర్తిగా తిట్టలేను, ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌లో కరెంటు పరిమితి పెట్టుకునే సదుపాయం ఉంది, నేను దర్జాగా 8 ఆంప్స్ అని పెట్టాను కూడా. కానీ దానికి తెలిసింది 111 బల్బులే! అది తన లెక్క ప్రకారం 6 ఆంప్స్ చిల్లరే అవుతుందనుకుని, పరిమితిలోనే ఉన్నాం కదా అని ధైర్యంగా వదిలేసింది. చిప్పు వెనకాల ఎనిమిది రెట్లు కాపురం ఉందని దానికి ఎవరు చెప్తారు?

సరే మూడింతలు కదా తేడా అని 8ని మూడుంబావుతో భాగించి 2,400 మిల్లీఆంప్స్ పెట్టా. అంతా ఒకేసారి వెలిగితే ఆగింది. కర్ర ఆరిపోయి పువ్వు ఒక్కటే తెల్లగా వెలిగినప్పుడు మళ్లీ టిక్కు. బుర్ర గోక్కుని కూర్చున్నా. అరగంటకి తట్టింది: పువ్వు ఒక్కటే వెలిగితే తేడా మూడింతలు కాదు, సరిగ్గా ఎనిమిదింతలు. దాని లెక్కలో 36 బల్బులు, 2 ఆంప్స్ కూడా కాదు, కాబట్టి పరిమితి దాటలేదు, నిజంగా లాగుతున్నది 16. అందుకని 8 ఆంప్స్‌ని ఎనిమిదితో భాగించి 1,000 పెట్టాక అది నోరు మూసుకుంది. మీరూ ఇలా ఒకే డేటాని పంచేటట్టయితే ఈ ఒక్క ముక్క కాగితం మీద రాసి గోడకి అంటించుకోండి, దీని గురించి నాకు ముందు ఎవరూ చెప్పలేదు. నిజంగా తారాజువ్వ రంగులే వాడితే అంత కరెంటు అక్కర్లేదు కూడా. బంగారు రంగులో ఎరుపు నిండుగా, ఆకుపచ్చ సగంలోపు, నీలం దాదాపు సున్నా, తెలుపులో సగం కరెంటు కూడా పట్టదు. తెలుపు పెట్టడం నా కక్కుర్తి.

వైరు సంగతి కూడా ఆ రాత్రే బయటపడింది. ఎస్‌ఎంపీఎస్ నుంచి కర్ర పైకి 4 మీటర్లు, ఇంట్లో ఉన్న 1 స్క్వేర్ (లోపలి రాగి మందం ఒక చదరపు మిల్లీమీటరు) వైరు లాగాను. పరిమితి పెట్టాక కూడా పువ్వు తెల్లగా లేదు, పసుపులోకి, కొసల్లో ఎర్రగా తిరిగింది. బావ మీటరు పెట్టి చూసి "పైన 4 వోల్టులు కూడా లేవు బావా" అన్నాడు. రానూపోనూ 8 మీటర్ల 1 స్క్వేర్ తీగలో 8 ఆంప్స్ పోతే ఒక వోల్టు పైన దారిలోనే అరిగిపోతుంది. వోల్టేజీ తగ్గితే ముందు నీలం, ఆకుపచ్చ నీరసపడతాయి, ఎరుపు చివరిదాకా నిలబడుతుంది, అందుకే ఆ రంగు. 2.5 స్క్వేర్ వేస్తే నష్టం అర వోల్టులోపు. 230 వోల్టుల ఇంటి కరెంటుతో పనిచేసేవాళ్లకి 5 వోల్టుల దగ్గర ఒక వోల్టు పోవడం ఎంత ఘోరమో ఒకపట్టాన తలకెక్కదు, బావకి కూడా ఎక్కలేదు. ఈ పువ్వు వైరు కర్ర స్ట్రిప్ మీదుగా కాకుండా పైపు లోపల విడిగా వెళ్లాలి, కర్ర స్ట్రిప్‌కి కింద ఒకసారి, పైన ఒకసారి కరెంటు ఇవ్వాలి. నన్నడిగితే బల్బుల మీద పెట్టే డబ్బులో కొంచెం తగ్గించి అయినా మంచి వైరు, మంచి ఎస్‌ఎంపీఎస్ కొనండి. 20 ఆంప్స్‌ది తీసుకుని ఉంటే నాకు ఆ వారం నిద్ర మిగిలేది.

వాన సంగతి. మన దగ్గర దీపావళి నుంచి క్రిస్మస్ దాకా తుపాన్ల కాలమే. ఐపీ65 పూత ఉన్న స్ట్రిప్ చినుకులకి ఆగుతుంది గానీ కత్తిరించిన చోట నీళ్లు దూరతాయి. ఆ కొసల్లో సిలికాన్ నింపేటప్పుడు వెనిగర్ వాసన వచ్చే రకం వాడొద్దు, అది ఆరేటప్పుడు రాగిని తినేస్తుంది, న్యూట్రల్ రకం అడిగి తీసుకోండి. ఇక ఎస్‌ఎంపీఎస్ ఎక్కడ పెట్టాలన్నది మా పేటలో చర్చించాల్సిన విషయం కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి మా ఇళ్లలోకి వచ్చింది, వరండా గోడ మీద నడుం ఎత్తున ఆ మరక ఇప్పటికీ ఉంది, రెండుసార్లు సున్నం వేసినా పోలేదు. నా డబ్బా ఆ మరకకి రెండడుగుల పైన ఉంది. పాప కూడా అందుకోలేదు. దానికి గాలి ఆడేలా కింద కన్నాలు పెట్టా, 230 వోల్టుల స్క్రూలు బయటికి కనపడకుండా అట్ట కాకుండా ప్లాస్టిక్ మూత పెట్టా. ఇంటి మెయిన్‌లో 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్చు) ఉందో లేదో బావ ముందు చూశాకే మిగతా పని చేయనిచ్చాడు, ఆ విషయంలో ఆయన వెటకారం ఆడలేదు. కర్రకి పునాది 20 లీటర్ల పెయింటు బకెట్టులో కంకర, సిమెంటు. తుపాను గాలికి ఊగింది గానీ పడలేదు.

కంట్రోలర్ ఈఎస్‌పీ32 బోర్డు, 450 రూపాయలు, ఫిర్యాదు లేదు. అది మాట్లాడేది 3.3 వోల్టుల్లో, 5 వోల్టుల మీద ఉన్న స్ట్రిప్‌కి కనీసం మూడున్నర కావాలని రూలు, కాబట్టి బోర్డుని డబ్బాలో పెట్టి రెండు మీటర్ల డేటా తీగ లాగితే మొదటి రోజు బల్బులు దెయ్యం పట్టినట్టు ఇష్టమొచ్చిన రంగులు వేశాయి. బోర్డుని కర్ర మొదట్లోకి, మొదటి బల్బుకి జానెడు దూరంలోకి మార్చాక కుదురుకుంది. నాది అదృష్టం, మీరు మాత్రం మధ్యలో 3.3 వోల్టుల సిగ్నల్‌ని 5కి పెంచే లెవల్ షిఫ్టర్ ఒకటి పెట్టుకోండి.

డబ్ల్యూఎల్‌ఈడీకి మాత్రం ఐదుకి ఐదు ఇస్తా. పైసా లేదు, సోర్సు కోడ్ అంతా బయటే ఉంటుంది, కంప్యూటర్లో క్రోమ్ తెరిచి యూఎస్‌బీ కేబుల్ పెట్టి ఒక బటన్ నొక్కితే బోర్డులోకి ఎక్కిపోతుంది. ఎక్కకపోతే ముందు కేబుల్ మార్చి చూడండి, చార్జింగుకి మాత్రమే పనికొచ్చే కేబుల్‌తో నేను ఒక సాయంత్రం పోగొట్టుకున్నా. ఇంట్లో వైఫై 2.4 గిగాహెర్ట్జ్ అయి ఉండాలి, 5 అయితే బోర్డుకి కనపడదు. ఎరుపు నొక్కితే ఆకుపచ్చ వస్తే భయపడకండి, సెట్టింగ్స్‌లో రంగుల వరస మార్చుకోవడమే. వందకి పైగా ఎఫెక్టులున్నాయి, టైమర్లున్నాయి, మన ఊరి అక్షాంశం 16.5, రేఖాంశం 80.6 ఇస్తే సూర్యాస్తమయం తనే లెక్కగట్టుకుని వెలుగుతుంది, డిసెంబరు చివర్లో 5:40 ప్రాంతంలో.

ఎఫెక్టుల్లో ఫైర్‌వర్క్స్ పేరుతోనే మూడు నాలుగున్నాయి, సహజంగా ముందు వాటి మీదే పడ్డా. నా గొడుక్కి అవి సరిపడలేదు. ఫైర్‌వర్క్స్ 1డీ అనేది ఒకే గీతలో ఎక్కడో ఒకచోట పేలుతుంది, సగం కర్ర మీదే పేలిపోతే మొద్దు బాణసంచాలా ఉంది. తర్వాత కర్రకి ఒక సెగ్మెంటు (విడి భాగం), పువ్వుకి ఒకటి చేసి ప్రీసెట్లు (దాచుకున్న సెట్టింగులు), ప్లేలిస్టు పెట్టి, ముందు కర్ర రెండు సెకన్లు, తర్వాత పువ్వు మూడు సెకన్లు అని రాసుకున్నా. ప్రీసెట్ మారినప్పుడు వెలుగు ఎప్పుడూ కింది నుంచే మొదలవ్వాలని లేదు, ఒక్కోసారి కర్ర మధ్యలోంచి లేచేది. నాలుగు రాత్రులు దాంతో కుస్తీ పట్టి విసుగొచ్చి అన్నీ చెరిపేసి, 111 బల్బులకీ కలిపి ఒక్క మీటియర్ ఎఫెక్టు, బంగారు రంగు పెట్టా. అయిపోయింది! ముందు తలలాంటి వెలుగు, వెనక ఆరిపోతున్న తోక, కర్ర ఎక్కి ఎనిమిదిగా చీలి కొసల దాకా పాకి ఆరిపోతుంది. అనుకోకుండా కలిసొచ్చింది ఇంకోటుంది. కర్ర మీద మీటరుకి 30, ఊచల మీద 60 కదా, వెలుగు బల్బుల లెక్కన ఒకే వేగంతో వెళ్తుంది కాబట్టి ఊచల మీదికొచ్చేసరికి కంటికి సగం వేగం అవుతుంది. నిజం జువ్వ పేలినప్పుడు నిప్పురవ్వలు కూడా గాలి అడ్డుకోవడం వల్ల జోరుగా బయల్దేరి నెమ్మదిస్తాయి. రెండూ ఒకే రోలు కొని ఉంటే ఆ అందం వచ్చేది కాదు. రెండు జువ్వలకి మధ్య కాస్త చీకటి ఉండాలి, వేగం మరీ పెంచకండి, వరసగా లేస్తుంటే హోటల్ బోర్డులా ఉంటుంది.

ఖర్చు: స్ట్రిప్‌లు 1,150, 800, బోర్డు 450, ఎస్‌ఎంపీఎస్ 650, చిప్పు 40, వైర్లు 350, పైపు, డబ్బా కలిపి 300, సిలికాన్, స్లీవ్‌లు, ట్యాగులు 250. నాలుగు వేలకి పది తక్కువ. గొడుగు ఊరికే. రెడీమేడ్‌దానితో పోలిస్తే ఎన్నో రెట్లు, దానికి తోడు సోల్డరింగ్ రానివాళ్లు ఇందులో దిగొద్దు, ఒక్క ఊచకే మూడు జాయింట్లు, ఎనిమిదికి ఇరవై నాలుగు, అందులో ఒక్కటి వదులుగా ఉన్నా వెతకడానికి ఒక పూట. షాపుకి ఐదుకి రెండు, అదీ చిప్పు ఉన్నందుకు. ఊళ్లో ఇంకెక్కడా ఆ నంబరు దొరకలేదు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం వెలిగించాం. మా వీధిలో సగం ఇళ్లు క్రైస్తవులవి, మిద్దెల మీద కాగితం నక్షత్రాలు అప్పటికే వెలుగుతున్నాయి, గుణదల వైపు వెళ్లే ఆటోలు మా గేటు దగ్గర నెమ్మదిస్తుంటే పాప లెక్కపెట్టింది, ఏడు. నాన్నగారు శాలువా కప్పుకుని వచ్చి కుర్చీలో కూర్చుని పది పన్నెండు జువ్వలు లేచేదాకా ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నారు, "రంగు బానే ఉందిరా, రజను ఎక్కువైనప్పుడు ఇట్టాగే వచ్చేది. తోక ఇంకొంచెం నిలవాలి." ఫోను తీసి తోక పొడవు పెంచా. "ఇంకొంచెం" అన్నారు. పెంచా. అలా ముప్పావుగంట బయటే కూర్చున్నారు, మధ్యలో ఒక్కసారి కూడా దగ్గలేదు.

లోపలికి వెళ్తూ పువ్వు కేసి ఇంకోసారి తలెత్తి చూసి ఆగారు. "అవి నా గొడుగు ఊచలు కాదూ?"

సంక్రాంతికి కొత్తది కొనిస్తానని చెప్పా. నల్లదే కావాలట, ఎనిమిది ఊచలదే.